ఆ కొలతలు ఆగనివ్వకండి: పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఒకే అడవిలో, అవే చెట్ల చుట్టుకొలత, అదే వాగు నీళ్లు 18 ఏళ్లుగా కొలుస్తున్నవాణ్ణి. మాకు నిధులు మూడేళ్లకోసారి మంజూరవుతాయి. ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటే: "కొత్తగా ఏం కనిపెట్టారు?" "ఈ ఏడు కూడా వదలకుండా కొలిచాం" అన్నదే మా జవాబు. అది ఫైల్లో చాలా చిన్నగా కనిపిస్తుందని నాకు తెలుసు. కానీ అసలు పని అదే.

అంటార్కిటికాలోని హాలీ కేంద్రంలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1957 నుంచి ఓజోన్ కొలుస్తూ వచ్చారు. ఏళ్ల తరబడి అందులో వార్త ఏమీ లేదు. 1985లో జో ఫార్మన్, మరో ఇద్దరు కలిసి అక్కడి వసంతకాలంలో ఓజోన్ దారుణంగా పడిపోతోందని బయటపెట్టారు. మరో రెండేళ్లకే, ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాలను అదుపు చేసే మాంట్రియల్ ఒప్పందం దేశాల మధ్య కుదిరింది. పాత కొలతలే లేకుంటే, అక్కడ ఓజోన్ ఎప్పుడూ ఇంతేనేమో అనుకునేవాళ్లం.

హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో మొదలుపెట్టిన, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొలతలు 1964లో నిధుల కోత వల్ల కొన్ని నెలలు ఆగిపోయాయి. ఆ ఖాళీ గ్రాఫులో ఇప్పటికీ ఉంది. ఎన్ని కోట్లు పెట్టినా 1964 నాటి గాలిని ఈ రోజు వెళ్లి కొలవలేం కదా.

కొలిచినది దాచిపెట్టుకున్నా నష్టమే. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఒకప్పుడు డబ్బు కట్టి కొనుక్కోవాల్సి వచ్చేది. 2008లో వాటిని అందరికీ ఉచితం చేశారు. ఐదేళ్లలోనే 6 లక్షలకు పైగా చిత్రాలను జల్లెడ పట్టి, ప్రపంచంలో అడవి ఎక్కడ పోయిందో, ఎక్కడ పెరిగిందో మ్యాపు గీశారు. ఒక్కో చిత్రానికీ డబ్బు కట్టాల్సి వస్తే ఆ పని ఎవరు తలపెట్టేవారు?

నాకు ముందు ఇక్కడ పనిచేసిన పెద్దాయన 11 ఏళ్ల లెక్కలు వదిలివెళ్లారు. అందులో ఒక కాలమ్ పేరు "డి2". అది లోతో, వ్యాసమో, సెంటీమీటర్లో, అంగుళాలో ఎక్కడా రాసిలేదు. అడుగుదామంటే ఆయన లేరు. అంత కష్టం చేతికొచ్చీ నాకు పనికిరాలేదు. ఆ బాధ ఇంకా పోలేదు. ఇది నా ఒక్కడి అనుభవమూ కాదు. 2014లో అచ్చైన ఒక అధ్యయనం 516 పరిశోధన పత్రాలను తీసుకుని, వాటి డేటా కోసం రచయితలను అడిగి చూసింది. పత్రం వయసు పెరిగే కొద్దీ, డేటా మిగిలి ఉండే అవకాశం ఏటా 17 శాతం చొప్పున తగ్గింది.

అందుకే అడుగుతున్నాను. దీర్ఘకాలిక కేంద్రాలకు కనీసం పదేళ్ల నిధి ఒకేసారి ఖాయం చేయండి. ప్రతి కేంద్రానికీ డేటా చూసుకునే మనిషి ఒకరు ఉండాలి. ఇది పార్ట్‌టైమ్‌గా ఎవరికో అంటగట్టే పని కాదు. ప్రభుత్వ సొమ్ముతో కొలిచిన ప్రతి అంకె, ఎలా కొలిచారో చెప్పే వివరాలతో సహా, రెండేళ్లలోపు అందరికీ తెరిచి ఉండాలి. అరుదైన జంతువుల ఆవాసాలు మాత్రం వేటగాళ్ల కంట పడకుండా దాచాలి. వానలో నానుతూ కొలిచిన కుర్రాళ్లు తమ కష్టం ఇంకొకరి పేరున పోతుందేమోనని టెన్షన్ పడుతుంటారు, అది న్యాయమైన భయమే. డేటా వాడుకున్నవాళ్లు వాళ్ల పేరు చెప్పి తీరాలని నిబంధన పెట్టండి.

మా ప్రస్తుత మంజూరు వచ్చే వానలకు ముందే ముగుస్తుంది. మొదటి వానకు వాగు దగ్గర మా మనిషి ఉండాలంటే, ఆ ఫైలు మీ టేబుల్ మీద నుంచి అప్పటికి కదలాలి.

భవదీయుడు,
ఒక అటవీ పరిశోధకుడు