బడ్జెట్ వేసే ముందు సింగ్ నగర్‌ను అడగండి

విజయవాడ మునిసిపల్ కమిషనర్ గారికి,

నమస్కారం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగర్‌ను ముంచెత్తింది. నీళ్లు తీశాక మా పెద్దమ్మ ఇంట్లో గోడకు నడుము ఎత్తున బురద చార మిగిలింది. తడిసి అంటుకుపోయిన పిల్లల పుస్తకాలను ఆమె ఒక్కో కాగితంగా విడదీసి ఎండబెట్టింది. ఏ వీధిలోకి నీరు ముందు వస్తుందో, ఏ కాలువ ఎక్కడ పూడుకుపోయిందో ఆమె వేలు పెట్టి చూపించగలదు. ఆమెను అడిగిన వారు లేరు.

అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త ప్యాట్రిక్ హెల్లర్ కేరళను, దక్షిణాఫ్రికాను, బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరాన్ని తీసుకుని, స్థానిక నిర్ణయాల్లో మామూలు జనం మాటకు ఎంత చోటుందో పోల్చి చూశారు. 1996లో కేరళ తన ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలి గ్రామసభల్లో చర్చకు పెట్టింది. పోర్టో అలెగ్రేలో 1989 నుంచి పేదల వాడలవారు కూడా కూర్చుని నగర బడ్జెట్ గురించి మాట్లాడారు. దక్షిణాఫ్రికాలో ఎన్నికలు జరిగినా నిర్ణయాలు పైవారి, నిపుణుల చేతుల్లోకే పోయాయి. ఓటు హక్కు ఒక్కటే అసమానతను తగ్గించదని నాకు ఈ పోలికలోనే స్పష్టంగా కనిపించింది.

మన రాజ్యాంగంలోనూ దారి ఉంది. 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెబుతోంది.

అయ్యా, వచ్చే బడ్జెట్‌కు ముందు వార్డు సభలు పెట్టించండి. కూలికి వెళ్లేవారు రాగలిగేలా సాయంత్రం పూట, వాళ్ల వీధిలోనే పెట్టించండి. ఆడవాళ్లకు ముందు మాట ఇవ్వండి. చేసిన తీర్మానాలను, కేటాయించిన సొమ్మును తెలుగులో రాసి వార్డు సచివాలయం గోడకు అంటించండి.

ఇట్లు,
విజయవాడ పౌరురాలు