నోట్ల యాక్సెప్టర్ అప్‌డేట్ చేసే ముందు ఇది చదవండి

గేమ్ జోన్లలో 2016కి ముందు బిగించిన యాక్సెప్టర్లు (గేమ్ మిషన్‌లో నోటు తీసుకుని గుర్తుపట్టే యూనిట్లు) ఉన్న వాళ్లకి ఈ మెసేజ్. కొత్త వందనోటు (2018) 66×142 మి.మీ., పాతది 73×157. రెండూ చెల్లుతాయి కాబట్టి గైడ్‌ని (నోటు దూరే దారి వెడల్పుని) 66కి బిగించేయకండి, పాత వంద లోపలికే వెళ్లదు. అలాగని 73 దగ్గరే వదిలేస్తే కొత్త నోటు 7 మి.మీ. అటూ ఇటూ ఊగి వంకరగా వెళ్తుంది, మిషన్ ఉమ్మేస్తుంది. నోటుని మధ్యకి తెచ్చే మూతి దొరికితే అదే మేలు. లేదంటే 66 పెట్టుకుని పాత వంద వదులుకోండి.

ముందు లేబుల్ మీద మోడల్, ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) నంబర్ల ఫొటో తీసుకోండి. ఆ మోడల్‌కి కంపెనీ కొత్త నోట్ల డేటాసెట్ (నోట్లని గుర్తుపట్టే ఫైల్) ఇవ్వకపోతే యూనిట్ మార్చడమే, రిపేర్ దండగ. ఫైల్ ఎక్కుతుండగా కరెంటు పోకూడదు. యూపీఎస్ మీద పెట్టండి.

యాక్సెప్టర్ గేమ్ బోర్డుకి పంపే సిగ్నల్ (పల్స్) పది రూపాయలకి ఒకటి అయితే 500కి 50 రావాలి. 47, 48 క్రెడిట్లే పడితే నోటు తప్పు కాదు, గేమ్ బోర్డు పల్స్ అందుకోలేకపోతోంది. పల్స్ వెడల్పు (ఒక్కో పల్స్ ఉండే సమయం) పెంచండి.

సెన్సర్లకి థిన్నర్ తగలనివ్వొద్దు, లెన్స్ మసకబారుతుంది. సబ్బునీళ్లలో పిండిన మెత్తని గుడ్డ చాలు.

చివరికి ఒక్కో నోటునీ నాలుగు వైపులా పెట్టి చూడండి, నలిగినవి కూడా. 2000 ఆఫ్ చేయడం మర్చిపోకండి.