పెంచుకున్న కుర్రాడికి మీ లెక్కలో విలువెందుకు లేదు?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ సీఈఓ రిచర్డ్ మాస్టర్స్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

పీఎస్‌ఆర్ (లాభదాయకత, సుస్థిరత నిబంధనలు) అంటే ఏమిటో, మూడేళ్లలో క్లబ్బు నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదన్న గీత ఎందుకు గీశారో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకే ఉపోద్ఘాతం లేకుండా నేరుగా అడుగుతున్నాం. ఎనిమిదేళ్ల వయసులో క్లబ్బు సొంత శిక్షణ అకాడమీలో చేరి, అక్కడే ఆట నేర్చుకుని, మొదటి జట్టులోకి వచ్చిన కుర్రాడిని క్లబ్బు తన దగ్గరే ఉంచుకుంటే మీ లెక్కలో అతని విలువ సున్నా. అమ్మేస్తే మాత్రం వచ్చిన ప్రతి పౌండూ లాభమే. క్లబ్బులు దివాలా తీయకూడదని పెట్టిన నిబంధన, క్లబ్బులు తమ పిల్లల్ని తామే అమ్ముకునే పరిస్థితి ఎందుకు తెచ్చింది?

ఈ మాట మీ దాకా రాలేదనుకోవడానికి లేదు. 2023 నవంబరులో తమ అప్పటి మైదానం గూడిసన్ పార్క్‌లో ఎవర్టన్ అభిమానులు గులాబీ రంగు కార్డులు ఎత్తి పట్టుకుని మీ లీగ్‌ను అవినీతి లీగ్ అన్నారు. అంత పెద్ద మాట మేం అనడం లేదు. పీఎస్‌ఆర్ గీత దాటినందుకు వాళ్లకు పడ్డ 10 పాయింట్ల కోత అప్పటికి పచ్చిగా ఉంది, అప్పీలులో అది 6కు తగ్గింది. శిక్ష ఎంత వేయాలన్న దాని మీద మూడేళ్లుగా వాదనలు సాగుతూనే ఉన్నాయి. ఆ శిక్షకు దారి తీసిన లెక్క సరైనదా కాదా అన్నది మాత్రం ఎవరూ తిరిగి చూడడం లేదు. మా బాధ అదే.

ఆ లెక్క ఎలా నడుస్తుందో మీ ఎదుటే ఒకసారి వేసి చూపిస్తాం. ఒక క్లబ్బు 5 కోట్ల పౌండ్లకు ఆటగాడిని కొని ఐదేళ్ల కాంట్రాక్టు ఇచ్చిందనుకోండి. పద్దులో ఏడాదికి కోటి చొప్పున ఖర్చు రాస్తారు. మూడేళ్ల తర్వాత అతన్ని 4 కోట్లకు అమ్మితే, పద్దులో ఇంకా 2 కోట్ల విలువ మిగిలి ఉంటుంది కాబట్టి లాభం 2 కోట్లే. అకాడమీ కుర్రాడిని కొనలేదు కదా, అతని పద్దు విలువ సున్నా. అతన్ని అదే 4 కోట్లకు అమ్మితే లాభం మొత్తం 4 కోట్లు, అది కూడా ఆ ఏడాదే. ఇప్పుడు ఆ 4 కోట్లు పెట్టి అతని స్థానంలో ఇంకొకరిని ఐదేళ్లకు కొంటే, ఈ ఏడాది ఖర్చు 80 లక్షలు. అంటే బ్యాంకులో డబ్బు పెరగలేదు, తరగలేదు. జట్టులో ఒకడు పోయి ఒకడు వచ్చాడు. కానీ పీఎస్‌ఆర్ కాగితం మీద క్లబ్బు పరిస్థితి 3.2 కోట్లు మెరుగుపడింది! వచ్చే నాలుగేళ్లూ ఏటా 80 లక్షల భారం మీద పడుతుందన్నది ఆ రోజుకు ఎవరికీ పట్టదు. భారం పడే ఏడాదికి ఇంకో కుర్రాడిని వెతుక్కోవాలి.

అకాడమీ మీద పెట్టే ఖర్చును మీరు నష్టాల లెక్కలోంచి తీసేస్తున్నారు. మంచి ఏర్పాటు, కాదనం. కోచ్‌లు, మైదానాలు, హాస్టళ్లు, చదువు, అన్నిటికీ మినహాయింపు ఇచ్చి పెంచమంటారు. పెంచాక ఉంచుకున్నవాడికి ఏ గుర్తింపూ ఇవ్వరు. చెట్టు నాటితే మెచ్చుకుని, కాయ కోసి సంతలో పెట్టేదాకా ఆ చెట్టుకు విలువ కట్టనట్టుంది ఇది.

2024 జూన్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఆటగాళ్లను కొని అమ్ముకునే గడువు, అంటే బదిలీల విండో, జూన్ 14న తెరిచారు. చాలా క్లబ్బుల పద్దులు జూన్ 30న ముగుస్తాయి. మధ్యలో మిగిలింది పదహారు రోజులు. ఎవరికి ఎంత లోటుందో కొనేవాళ్లకూ తెలుసు. ఆస్టన్ విల్లా నుంచి టిమ్ ఇరోగ్బునమ్ ఎవర్టన్‌కు, ఎవర్టన్ నుంచి లూయిస్ డాబిన్ విల్లాకు వెళ్లారు. ఇద్దరి ధరలూ ఇంచుమించు సమానం. విల్లా నుంచి ఒమారి కెల్లీమన్ చెల్సీకి వెళ్లాడు, విల్లా మొదటి జట్టుకు గట్టిగా పది మ్యాచ్‌లు కూడా ఆడని కుర్రాడు, 1.9 కోట్ల పౌండ్లు పలికాడు. చెల్సీ అకాడమీలో ఎదిగిన ఇయాన్ మాట్సెన్ విల్లాకు వచ్చాడు. ఈ క్లబ్బులేవీ నిబంధన తప్పలేదు, ఆ మాట స్పష్టంగా చెబుతున్నాం. నిబంధన చూపించిన దారిలోనే అందరూ నడిచారు. ఆ దారే తప్పుడు దారి అన్నది మా ఫిర్యాదు.

న్యూకాసిల్ సంగతి ఇంకా బాధ. ఎలియట్ ఆండర్సన్ ఆ ఊరి పక్కనే ఉన్న విట్లీ బేలో పుట్టినవాడు, చిన్నప్పటి నుంచీ ఆ క్లబ్బు పిల్లాడు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు దాదాపు 3.5 కోట్లకు అమ్మారు. అమ్మడం ఇష్టం లేదని, పీఎస్‌ఆర్ వల్లే తప్పలేదని కోచ్ ఎడ్డీ హోవ్ దాచుకోకుండా చెప్పారు. 2025 సెప్టెంబరుకల్లా ఆ కుర్రాడు ఇంగ్లండ్ జట్టులో ఆడుతున్నాడు. యాజమాన్యం దగ్గర డబ్బు లేక కాదు, సౌదీ ప్రభుత్వ నిధి వెనకున్న క్లబ్బు అది. యజమాని దగ్గర డబ్బుంది, కుర్రాడి దగ్గర ఆట ఉంది, కోచ్‌కు అతను కావాలి. అడ్డొచ్చింది జూన్ 30 ఒక్కటే.

ఫారెస్ట్ పేరు వచ్చింది కాబట్టి బ్రెన్నన్ జాన్సన్ విషయం అడగాల్సిందే. అతనూ ఎనిమిదేళ్లకే ఫారెస్ట్‌లో చేరిన నాటింగ్‌హామ్ కుర్రాడే. 2022లో జట్టు ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చింది. లెక్కలోకి వచ్చే మూడు సీజన్లలో రెండు కింది డివిజన్ ఛాంపియన్‌షిప్‌లో ఆడింది కాబట్టి వాళ్ల గీత 10.5 కోట్లు కాదు. ఛాంపియన్‌షిప్ సీజన్‌కు 1.3 కోట్ల చొప్పున రెండు, ప్రీమియర్ లీగ్ సీజన్‌కు 3.5 కోట్లు, మొత్తం 6.1 కోట్లు. అంటే మిగతావాళ్లకు ఉన్నదాంట్లో పదింట ఆరు పాళ్లకు కాస్త తక్కువ. వీళ్లు మాత్రం అదే లీగ్‌లో, అదే ధరలకు కొని, అదే జట్లతో ఆడాలి. పై లీగ్‌లోకి చేర్చే ప్లేఆఫ్ గెలిచిన జట్టులో ఐదుగురు అరువు ఆటగాళ్లే, గడువు తీరాక వెళ్లిపోయారు. జట్టును దాదాపు మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

2023 జూన్ 30 లోపు జాన్సన్‌ను అమ్మి ఉంటే లోటు చాలావరకు పూడేది. వచ్చిన ధర చాలదని ఆగారు. విండో ఆఖరి రోజు, సెప్టెంబర్ 1న, టోటెన్‌హామ్‌కు 4.75 కోట్లకు అమ్మారు. ఎక్కువ ధర వచ్చింది, క్లబ్బు ఆర్థికంగా బాగుపడింది. పీఎస్‌ఆర్‌లో పి అంటే లాభదాయకత కదా, ఆగడం వల్ల లాభమే కదా వచ్చింది! కానీ జూన్ 30 దాటి రెండు నెలలైంది కాబట్టి ఆ డబ్బు తర్వాతి ఏడాది పద్దులోకి పోయింది. 3.45 కోట్ల అతిక్రమణ, 4 పాయింట్ల కోత. విచారణ జరిపిన కమిషన్ తన పరిధిలో సరిగ్గానే తీర్పు ఇచ్చిందనుకుందాం, గడువు గడువే. అయినా మిమ్మల్ని అడుగుతున్నాం: తక్కువ ధరకు తొందరపడి అమ్మినవాడికి మెప్పు, ఆగి మంచి ధర తెచ్చినవాడికి శిక్ష, ఇలాంటి గడువు ఎవరిని కాపాడటానికి పెట్టారు? విండో రెండు నెలలు తెరిచే ఉంచి, పద్దు మాత్రం మధ్యలో మూసేయడం ఎందుకు?

ఇదే కాలంలో చెల్సీ రెండు హోటళ్లను తన సోదర సంస్థకే 7.65 కోట్లకు అమ్మింది. తర్వాత మహిళా జట్టును మాతృసంస్థకే అమ్మి దాదాపు 20 కోట్ల లాభం చూపింది. 2023-24లో ఆ క్లబ్బు పన్నుకు ముందు 12.84 కోట్ల లాభం ప్రకటించిందంటే కారణం అదే. మీ పుస్తకంలో అది చెల్లింది. ఆ సందు మూసేద్దామని 2024 జూన్‌లో ఓటింగ్ పెడితే కావాల్సిన 14 ఓట్లు రాలేదు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఎఫా పుస్తకంలో అలాంటి అమ్మకాలు చెల్లవు, 2025 జులైలో అక్కడ 3.1 కోట్ల యూరోల జరిమానా పడింది. ఒకే పద్దు, రెండు తీర్పులు. హోటల్ ఉన్నవాడు హోటల్ అమ్ముకున్నాడు. హోటల్ లేనివాడికి కుర్రాడే మిగిలాడు.

2013 నాటి 10.5 కోట్ల గీతను పన్నెండేళ్లు అలాగే ఉంచారు కూడా. అప్పటి దేశవాళీ ప్రసార హక్కులు మూడేళ్లకు 300 కోట్లు, ఇప్పుడు నాలుగేళ్లకు 670 కోట్లు. దాని గురించి ఎక్కువ మాట్లాడం, ఎలాగూ దాన్ని పక్కన పెడుతున్నారు.

కొత్త పద్ధతికి వద్దాం. 2025 నవంబరు 21న 14-6 ఓట్లతో స్క్వాడ్ ఖర్చు నిష్పత్తి ఆమోదించారు, 2026-27 నుంచి అమలు. ఆటగాళ్ల, కోచ్ జీతాలు, బదిలీ ఖర్చు వాయిదాలు, ఏజెంట్ల రుసుములు అన్నీ కలిపి 85 శాతం దాటకూడదు. సీజన్ జరుగుతుండగానే పర్యవేక్షణ ఉంటుందన్నారు. హోటళ్ల దారి మూసుకుపోతుంది. ఇవి మంచివే, సంతోషం. కానీ ఆ 85 శాతం దేని మీద? ఫుట్‌బాల్ ఆదాయం, దానికి తోడు ఆటగాళ్ల అమ్మకాల లాభం. మళ్లీ అమ్మకాల లాభమే!

ఆదాయం 20 కోట్ల పౌండ్లున్న క్లబ్బును తీసుకోండి. దాని గీత 17 కోట్లు. జట్టు ఖర్చు 18 కోట్లు అయింది, కోటి ఎక్కువ. సొంత కుర్రాడిని 4.5 కోట్లకు అమ్మితే లాభం మూడేళ్ల సగటున ఏటా 1.5 కోట్లు చేరుతుంది, ఆదాయం 21.5 అవుతుంది, గీత 18.27కు పెరుగుతుంది. గండం గట్టెక్కింది. అదే 4.5 కోట్ల పద్దు విలువ మిగిలిన ఆటగాడిని అదే ధరకు అమ్మితే ఆదాయం వైపు చేరేది సున్నా. అతని జీతం, వాయిదా తగ్గుతాయి, అంతే. కాబట్టి కొత్త పద్ధతిలోనూ చిక్కుల్లో పడ్డ క్లబ్బు మొదట చూసేది అకాడమీ వైపే. మూడేళ్ల సగటు వల్ల జూన్ చివరి హడావుడి కొంత తగ్గుతుందేమో, మొగ్గు మాత్రం మారలేదు.

పైగా నిష్పత్తి అన్నాక పెద్ద క్లబ్బుకు పెద్ద గీత. 2024-25లో మాంచెస్టర్ యునైటెడ్ ఆదాయం 66.65 కోట్లు. అందులో 85 శాతం 56 కోట్ల పైనే. యూరప్ పోటీల్లో ఆడే ఏడాది యూఎఫా 70 శాతం నిబంధన ఉంటుంది, అయినా 46 కోట్లు. పైన చెప్పిన క్లబ్బు 17 కోట్లతో వాళ్లను ఓడించాలి. దిగువ క్లబ్బు ఆదాయానికి ముడిపెట్టి పైవాళ్లకు పరిమితి పెట్టే ప్రతిపాదన అదే రోజు వీగిపోయింది. 2023-24లో పైకొచ్చిన మూడు జట్లూ ఆ ఏడాదే కిందికి పోయాయి, 2024-25లోనూ మూడూ పోయాయి. ఇలాంటి చోట నిలబడాలంటే వాళ్లకు మిగిలేది అకాడమీ ఒక్కటే. దాన్నీ అమ్మకపు సరుకు చేయకండి.

మేం గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. అకాడమీలో కనీసం ఐదేళ్లు పెరిగి మొదటి జట్టులో ఆడుతున్నవాడి జీతాన్ని 85 శాతం లెక్కలోంచి తీసేయండి. అకాడమీ ఖర్చుకు మినహాయింపు ఇచ్చిన చేత్తోనే ఇది చేయొచ్చు. అలాంటి కుర్రాడిని అమ్మితే వచ్చిన లాభంలో సగమే గీత పెంచడానికి పనికొచ్చేలా చేయండి, మిగతా సగం బ్యాంకులో ఉంటుంది, క్లబ్బుకేమీ నష్టం లేదు. బదిలీల విండో మూసిన రోజు దాకా జరిగిన అమ్మకాలను అంతకు ముందు ఏడాది లెక్కలో చూపుకునే వీలు ఇవ్వండి. పైకొచ్చిన జట్లకు మొదటి రెండేళ్లు ప్రత్యేక వెసులుబాటు ఇవ్వండి.

ఇవన్నీ ఒక్కసారిగా కుదరవంటే మొదటిదైనా చేయండి. వారాంతాల్లో హైదరాబాద్‌లో, విశాఖలో అర్ధరాత్రి దాటాక కూడా టీవీల ముందు కూర్చునేవాళ్లకూ, నాటింగ్‌హామ్‌లో, న్యూకాసిల్‌లో చదువుకుంటూ ఉద్యోగాలు చేసుకుంటూ ఆ జట్లను సొంతం చేసుకున్న తెలుగువాళ్లకూ మీ క్లబ్బుల సమావేశంలో ఓటు లేదు. ఇరవై క్లబ్బులకు ఉంది. ఈ ప్రతిపాదనను వాళ్ల ముందు ఓటుకు పెట్టగలిగింది మీరే. దయచేసి పెట్టండి. ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో కూడా బయటపెట్టండి.

ఇట్లు,
ప్రీమియర్ లీగ్‌ను ఏళ్లుగా చూస్తున్న కొందరు తెలుగు అభిమానులు