శీనూ, ఆపరేషన్‌కి ముందు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

ముద్ద ఛాతీ మధ్యలో ఆగిపోతోందని, నీళ్లు తాగితే గానీ దిగట్లేదని ఫోన్‌లో చెప్పి, వెంటనే పిల్లల చదువుల్లోకి వెళ్లిపోయావు. నాకు మాత్రం మనసు అక్కడే ఉండిపోయింది. ఫోన్‌లో అయితే నన్ను పూర్తిగా చెప్పనివ్వవు, అందుకే రాస్తున్నాను.

పుల్లటి త్రేన్పులూ, గుండెల్లో మంటా నీకు పాతవే. మింగడం కష్టమవడం మాత్రం కొత్త సంగతి. దాన్ని గ్యాస్ అనుకుని వదిలెయ్యకు. యాసిడ్ ఏళ్ల తరబడి పైకి తన్నితే అన్నవాహిక అడుగున పుండు పడుతుంది, అది మానేటప్పుడు మచ్చకట్టి దారి సన్నబడుతుంది. అప్పుడు చపాతీ, మాంసం ముక్క పట్టేస్తాయి, మజ్జిగ మాత్రం దిగిపోతుంది. దారి బాగానే ఉన్నా, ముద్దను కిందికి నెట్టే కండరాలు నీరసించి ఉండొచ్చు. అరుదుగా క్యాన్సర్ కూడా కావచ్చు, బరువు తగ్గావా అని నేను పదేపదే అడిగింది అందుకే. దారి సన్నబడిందా, క్యాన్సరా అన్నది నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూసే ఎండోస్కోపీ చేస్తే గానీ తేలదు. దారి సన్నబడి ఉంటే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. చాలామందికి దానితో, మాత్రలతోనే సరిపోతుంది.

ఇక నువ్వు తొందరపడుతున్న ఆపరేషన్ సంగతి. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక అడుగున కండువాలా చుట్టి కుట్టేస్తారు, దాంతో యాసిడ్ పైకి రాదు. దీన్ని ఫండోప్లికేషన్ అంటారు. పూర్తిగా చుట్టేదాన్ని రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ పేరు మీద నిస్సెన్ ఫండోప్లికేషన్ అంటారు. నాజీల కాలంలో జర్మనీ వదిలి ఇస్తాంబుల్ చేరిన యూదుడాయన. 1936లో అక్కడ ఒక రోగికి పుండు తీసేసి, కుట్లకి రక్షణగా జీర్ణాశయాన్ని చుట్టాడు. ఏళ్ల తర్వాత చూస్తే ఆ మనిషికి యాసిడ్ బాధే లేదు! 1956లో దాన్నే ఒక పద్ధతిగా ప్రచురించాడు. ఐన్‌స్టీన్ పొట్టలో ఉబ్బిన రక్తనాళానికి ఆపరేషన్ చేసిందీ ఆయనే. 1991 నుంచి దీన్ని చిన్న రంధ్రాలతో లాప్రోస్కోపీలో చేస్తున్నారు.

మంచి ఆపరేషనే, కాదనను. కానీ నీ కండరాలకి బలం లేకపోతే, బిగుతుగా చుట్టిన ఆ చుట్టులోంచి ముద్ద దిగదు. అకలేషియా అని ఇంకో జబ్బుంది, అదీ యాసిడ్ బాధలాగే కనిపిస్తుంది. అందులో అన్నవాహిక అడుగున ఉండే కవాటం అసలు వదులవ్వదు. అలాంటివాళ్లకి యాసిడ్ అనుకుని చుట్టు వేస్తే మరీ నరకం. అందుకే ముందు మానోమెట్రీ చేయించుకోవాలి. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, గుటకలు వేయిస్తూ కండరాల ఒత్తిడి కొలుస్తారు. కాస్త ఇబ్బందే, కానీ ఓర్చుకో. యాసిడ్ నిజంగా ఎంత పైకి వస్తోందో చూసే 24 గంటల పీహెచ్ పరీక్ష కూడా అడుగు. ఈ రెండూ లేకుండా ఆపరేషన్‌కి డేట్ ఇచ్చేవాళ్ల దగ్గరికి నిన్ను నేను వెళ్లనివ్వను.

ఇదే ఆపరేషన్ చేయించుకున్న మా అక్కకి, మానోమెట్రీలో కండరాలు నీరసంగా ఉన్నాయని తేలింది. అందుకే పూర్తి చుట్టు కాకుండా ముప్పావు వంతే చుట్టే 270 డిగ్రీల టూపే చుట్టు వేశారు. అయినా మొదటి వారాల్లో వాపు వల్ల ముద్ద పట్టేసేది, బావ భయపడిపోయాడు. అది మామూలేనని డాక్టరు ముందే చెప్పాడు. మొదట జావ, పల్చటి చారు, తర్వాత మెత్తగా పిసికిన పెరుగన్నం, సాంబార్లో నానిన ఇడ్లీ. చపాతీ, బ్రెడ్డు, మాంసం చాలా ఆలస్యంగా. సోడా అసలొద్దు, త్రేన్పు సరిగా రాక పొట్ట ఉబ్బిపోతుంది. ఇప్పుడు అక్క అన్నీ తింటోంది, కాకపోతే నిదానంగా నమిలి తింటుంది. రెండు మూడు నెలలైనా ముద్ద దిగకపోతే మాత్రం మళ్లీ పరీక్ష చేసి బెలూన్‌తో సాగదీస్తారు, కొద్దిమందికి చుట్టు మార్చాల్సి వస్తుంది.

ఈలోగా యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ మాత్ర టిఫిన్‌కి అరగంట ముందు పరగడుపున వేసుకో, తిన్నాక కాదు. రాత్రి తినగానే పడుకోకు. ముద్ద ఇరుక్కుని ఉమ్ము కూడా దిగకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లు.

ఎండోస్కోపీకి మత్తిస్తే ఆ రోజు బండి నడపకూడదు. చెల్లెమ్మకి వీలవకపోతే నాకు చెప్పు, ముందు రోజు రాత్రి బస్సెక్కి వచ్చేస్తాను.

నీ
మూర్తి