కృతజ్ఞతలు: బిగించిన ట్రక్కును మళ్లీ విప్పించినవాళ్లందరికీ

శనివారం ఇండోర్ క్లే ట్రాక్ మీద మా కొత్త రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) బండి, అసలు ట్రక్కులో పదో వంతు సైజుండే 1/10 స్టేడియం ట్రక్కు, మూడు క్వాలిఫయర్లూ, ఒక మెయిన్ రేసూ పూర్తిచేసింది. ఒక బాల్ కప్పు (సస్పెన్షన్ కడ్డీ కొసన బంతి మీద ఎక్కే ప్లాస్టిక్ గిన్నె) ఊడింది తప్ప ఏదీ విరగలేదు, కాలలేదు. కిట్టు విప్పి రెండు వారాలే అయిన బండికి ఇది చిన్న సంగతి కాదు. గుంపులో సాయం చేసిన వాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టే బదులు, ఎవరు ఏం చేయించారో ఇక్కడే రాస్తున్నాం. టెక్సస్‌లోనో ఇంకెక్కడో ఇదే పని మొదలుపెట్టే మనవాళ్లకు పనికొస్తుంది కూడా.

మొదటి నమస్కారం మాస్టారికి. ట్రాక్ దగ్గర తెలుగువాళ్లమంతా ఆయన్ను అలాగే పిలుస్తాం. "అంతా అయిపోయిందండీ, ఒకసారి చూడండి" అని ట్రక్కు చేతికిస్తే ఆయన చక్రాలు కూడా చూడలేదు. వెనక టైర్లు రెండూ ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, స్లిప్పర్ (దెబ్బ తగిలితే జారే క్లచ్) నట్టు పూర్తిగా బిగించి, స్పర్ గేరును (మోటారు తిప్పే పెద్ద పళ్లచక్రాన్ని) బొటనవేలితో ముందుకు నెట్టారు. గేరు మెత్తగా తిరిగిపోయింది. "డిఫ్ జారుతోంది, విప్పండి" అన్నారు. అంతే.

డిఫ్ అంటే డిఫరెన్షియల్, మలుపులో రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే భాగం. విప్పితే తప్పు కనిపించింది. మాది బాల్ డిఫ్, రెండు రింగుల మధ్య నొక్కుకున్న బంతుల పట్టుతో పనిచేస్తుంది. ఇందులో రెండు రకాల గ్రీజు వాడాలి. పెద్ద బంతులకు పారదర్శకంగా ఉండే సిలికాన్ డిఫ్ లూబ్, బిగింపు స్క్రూ ఒత్తిడిని మోసే చిన్న థ్రస్ట్ బంతులకు నల్ల గ్రీజు. నల్లది ఒక పిసరు పెద్ద బంతుల వైపు అంటింది. అది జారడానికే పుట్టిన గ్రీజు, రింగు మీద చేరితే బంతికి పట్టు ఉండదు. ఆయన చేయించిన పద్ధతి ఇది: రింగులు రెండూ మోటార్ స్ప్రేతో (జిడ్డు పోగొట్టే స్ప్రే) కడగాలి. గాజు పలక మీద 400 నంబరు నీటి గరుకు కాగితం పరిచి, రింగును వేలితో నొక్కి సున్నాలు చుడుతూ రుద్దాలి, మెరుపు పోయి మసక తేలేదాకా. మళ్లీ కడిగి, ఆరబెట్టి, క్లియర్ లూబ్ పల్చగా పూయాలి. బంతి తడిగా మెరిస్తే చాలు, ముద్ద కట్టకూడదు. స్క్రూను ఒక్కసారిగా బిగించకూడదు. కొంచెం బిగించి, చక్రాలను ఎదురెదురుగా పది పదిహేనుసార్లు తిప్పి, మళ్లీ కొంచెం బిగించాలి. స్ప్రింగు పూర్తిగా అణిగాక 1/8 చుట్టు వెనక్కి తీయాలి. మా డిఫ్‌కు అలా కుదిరింది. మీ మాన్యువల్ ఏం చెబుతుందో చూసుకోండి. కొత్త డిఫ్ మొదటి బ్యాటరీ అయ్యేసరికి కాస్త వదులవుతుంది, అప్పుడు ఇంకోసారి చూడాల్సిందే.

ఇంత పట్టింపు ఎందుకంటే, బండిలో ముందు జారాల్సింది స్లిప్పర్, డిఫ్ కాదు. జంప్ నుంచి థ్రాటిల్ నొక్కి ఉండగానే దిగితే, గాలిలో గిర్రున తిరిగే టైరు నేల తగలగానే ఒక్కసారి ఆగుతుంది. ఆ దెబ్బ ఎక్కడో ఒకచోట జారిపోవాలి. స్లిప్పర్ ప్యాడ్ దగ్గర జారితే ప్యాడ్ అరుగుతుంది, కొత్తది వేసుకుంటాం. డిఫ్‌లో జారితే బంతులు చదునుపడి, రింగుల మీద గాడి పడి, చక్రం తిప్పితే ఇసుక నలిగినట్టు ఉంటుంది. అందుకే డిఫ్ ముందు సరిచేసి, ఆ తర్వాతే స్లిప్పర్ వదులు చేయించారు. ట్రాక్ మీద నిలబడిన చోటు నుంచి పూర్తి థ్రాటిల్ ఇస్తే రెండు మూడు అడుగుల దూరం సన్నగా కూత వినిపించాలి. అసలు వినపడకపోతే బిగువు, స్ట్రెయిట్ సగం దాకా వినిపిస్తే వదులు.

షాకుల (కుదుపు మింగే షాక్ అబ్జార్బర్ల) విషయంలో థాంక్స్ మా తమ్ముడికి (వరసకే తమ్ముడు, ఈ పనిలో మాకంటే పదేళ్లు పెద్ద). నాలుగు షాకులూ మళ్లీ ఖాళీ చేయించాడు. ఆయిల్ అంచుదాకా పోసి, పిస్టన్‌ను నెమ్మదిగా కిందికీ పైకీ ఆడిస్తే బుడగలు లేస్తాయి. ఆ తర్వాత పది నిమిషాలు ముట్టుకోకుండా నిలబెట్టాలి. మేం ఆగకుండా మూత బిగించాం, లోపల గాలి ఉండిపోయింది. అందుకే ఒక షాకు నొక్కితే చప్పుడు చేసేది. జత సమానమో కాదో తేల్చే పరీక్ష కూడా అతనిదే. రెండు షాకులను ఎదురెదురుగా తల ఆనించి, అరచేతుల మధ్య పట్టుకుని నొక్కాలి. రెండూ ఒకే వేగంతో లోపలికి పోయి, ఒకే దూరం వెనక్కి రావాలి. ఒకటి ముందు లొంగితే అందులో గాలో, ఆయిల్ తక్కువో. ముందు 35, వెనక 30 నంబరు ఆయిల్ పోశాం. బ్రాండు మారితే 30 అన్న అంకెకు అదే చిక్కదనం ఉండదు. సీసా మీద సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) అంకె చూడాలి. టీమ్ అసోసియేటెడ్ ఆయిల్‌లో 30 అంటే 350, 35 అంటే 425.

రైడ్ హైట్ (నేల నుంచి బండి అడుగుదాకా ఎత్తు) కొలిచేటప్పుడు బ్యాటరీ, బాడీ అన్నీ పెట్టి, ఆరంగుళాల ఎత్తు నుంచి రెండుసార్లు జారవిడిచి చూడాలి. వెనక డ్రైవ్‌షాఫ్టులు నేలకు సమాంతరంగా నిలవాలి. క్యాంబర్ (చక్రం పైభాగం వాలు) ముందూ వెనకా 1 డిగ్రీ లోపలికి, ముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) సున్నా. ఇవి మొదటి రేసుకు చాలు. టర్న్‌బకిల్స్ (తిప్పితే పొడవు మారే కడ్డీలు) అన్నీ గాడి గుర్తు ఒకే వైపు ఉండేలా బిగించమని కూడా తమ్ముడే చెప్పాడు. పిట్ టేబుల్ దగ్గర తొందరలో ఎటు తిప్పితే పొడవు పెరుగుతుందో ఆలోచించే పని తప్పుతుంది.

సస్పెన్షన్ ఆర్ములు షాకులు తీసేశాక తమ బరువుకు తామే కిందికి వాలాలి. మావి రెండు వాలలేదు. హింజ్ పిన్ (ఆర్ము కీలు కడ్డీ) రంధ్రాన్ని రీమర్‌తో (రంధ్రం సాఫు చేసే పనిముట్టు) ఒక్క చుట్టు సాఫు చేస్తే సరిపోయింది. అదే ఉత్సాహంతో బాల్ కప్పులను కూడా వదులు చేశాం, అది మా అతి. శనివారం ఊడిన కప్పు అందులోదే.

కరెంటు పని మొత్తం హాబీ షాపు కౌంటర్ దగ్గరుండే అక్క పుణ్యం. అక్కా, మీరు అరువిచ్చిన సోల్డరింగ్ ఐరన్ లేకపోతే ఆ అతుకులు అతికేవి కావు. మా పాతది చిన్నది. లావు వైరును వేడి చేయలేక సీసం పైపైన ముద్దగా నిలిచింది. చూడ్డానికి బాగానే ఉంటుంది, లాగితే ఊడుతుంది. సెన్సర్ ఉన్న బ్రష్‌లెస్ మోటారుకు ఏ, బీ, సీ వైర్లు ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే పెట్టె) మీద అవే అక్షరాలకు కలపాలి. చక్రం వెనక్కి తిరుగుతోందని రెండు వైర్లు మార్చేస్తే సెన్సర్ లెక్క తప్పి మోటారు గింజుకుంటుంది. మాది 17.5 టర్న్ స్టాక్ క్లాసు (అందరికీ ఒకే రకం మోటారు) కనుక ఈఎస్‌సీ బ్లింకీ మోడ్‌లో, అంటే మోటారుకు అదనపు జోరు ఇవ్వని సెట్టింగులో ఉండాలి. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటేనే టెక్‌లో (రేసు తనిఖీలో) ఒప్పుకుంటారు.

సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) మీద హార్న్ (దాని చేయి) బిగించే ముందు రేడియో (చేతిలోని ట్రాన్స్‌మిటర్), బండి రెండూ ఆన్ చేసి, సర్వో నడిమికి వచ్చాక బిగించాలి. హార్న్ పళ్లు కూడా చూసుకోండి. 25 పళ్ల సర్వోకు 23 పళ్ల హార్న్ నొక్కి ఎక్కిస్తే ఆ ప్లాస్టిక్ ఇక పనికిరాదు. చివరి దాకా స్టీరింగ్ తిప్పినప్పుడు సర్వో గొణుగుతూ ఉంటే రేడియోలో ఎండ్ పాయింట్ (సర్వో తిరిగే హద్దు) తగ్గించాలి, లేదంటే కాలుతుంది. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే బండి ఆగే ఏర్పాటు) పరీక్ష: చక్రాలు గాల్లో ఉంచి, కొంచెం థ్రాటిల్ ఇచ్చి, ట్రాన్స్‌మిటర్ ఆపేయాలి. చక్రాలు ఆగాలి. పరీక్షకు తప్ప ఎప్పుడైనా ట్రాన్స్‌మిటర్ ముందు ఆన్, చివర ఆఫ్.

గేరింగ్‌లో మా ఆశకు కళ్లెం వేసింది కూడా మాస్టారే. కిట్టు లోపలి గేర్ల నిష్పత్తి 2.6. స్పర్ 78 పళ్లు, పినియన్ (మోటారు మీది చిన్న గేరు) 24 పళ్లు అయితే 78ని 24తో భాగించి 2.6తో గుణిస్తే 8.45, అంటే చక్రం ఒక్క చుట్టుకు మోటారు తిరిగే చుట్లు. 25 పళ్లు వేస్తే 8.11కు దిగుతుంది. స్ట్రెయిట్‌లో వేగం పెరుగుతుంది, దాంతోపాటు వేడీ పెరుగుతుంది. 24తో మొదలుపెట్టి, మూడు నిమిషాలకు ఒకసారి, అయిదుకు ఒకసారి మోటారు వేడి కొలవమన్నారు. 70 డిగ్రీల సెల్సియస్ దాటితే ఒక పన్ను తగ్గించాల్సిందే. స్పర్, పినియన్ మధ్య సందుకు నోటుబుక్కు కాగితం పేలిక పెట్టి మోటారు బిగించి, కాగితం లాగేయాలి. స్పర్ కచ్చితంగా గుండ్రంగా ఉండదు కాబట్టి తిప్పుతూ నాలుగు చోట్ల ఆడించి చూడాలి. ఎక్కడా బిగుసుకోకూడదు.

టైర్లు ఇప్పటికే ట్రాక్ మీద గెలుస్తున్నవాళ్లు ఏవి వాడుతున్నారో అవే కొన్నాం. ఇందులో సొంత తెలివి అక్కర్లేదు. అతికించే ముందు టైరు అంచును, చక్రం గాడిని ఆల్కహాల్‌తో తుడవకపోతే అచ్చులోంచి వచ్చిన జిడ్డు వల్ల జిగురు పట్టదు. పల్చటి సీఏ జిగురు (సూపర్ గ్లూ) నాలుగు దిక్కుల్లో చుక్క చొప్పున వేసి, మిగతా సందు తర్వాత నింపాలి. కళ్లు మండుతాయి, కిటికీ తెరవండి.

బాడీకి రంగు వేసిన వదినకు ప్రత్యేకంగా థాంక్స్. లెక్సాన్ (పారదర్శక ప్లాస్టిక్) బాడీకి రంగు లోపలి వైపు వేస్తారు కనుక ముగ్గు తిరగేసి పెట్టినట్టే: ముదురు రంగు ముందు, లేత రంగు తర్వాత, అన్నిటికీ చివర తెలుపు. గిన్నెల సబ్బుతో లోపల కడిగాకే స్ప్రే. చక్రాల చోటు మేం పొదుపుగా కత్తిరిస్తే, వదిన బండిని పూర్తిగా కిందికి నొక్కి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పి, రాసుకునే చోట్లన్నీ మార్కర్‌తో గీసిచ్చింది. హీట్ల (విడివిడి రేసుల) మధ్య పులిహోర డబ్బా కూడా ఆవిడదే.

ట్రాన్స్‌పాండర్ (ల్యాపులు లెక్కపెట్టించే చిన్న పరికరం) అరువిచ్చిన అన్నయ్యా, అది లేకపోతే మేం తిరిగిన ల్యాపులన్నీ లెక్కలో సున్నా. మీరు చెప్పినట్టే మోటారు వైర్లకు దూరంగా, రిసీవర్ ఖాళీ చానెల్‌కు తగిలించాం. నంబరు పేరు మీద నమోదు చేయించమని గుర్తుచేసింది కూడా మీరే. మన హీట్ అయ్యాక తర్వాతి హీట్‌కు మార్షల్‌గా నిలబడాలని కూడా చెప్పారు. అది ఎగ్గొడితే చాలా చోట్ల ల్యాపు కోస్తారట. పడ్డ బండిని నిలబెట్టి వదిలేయడమే మార్షల్ పని, రిపేర్లు కాదు. అదీ తెలిసింది.

బ్యాటరీలు 2ఎస్ (రెండు సెల్స్‌వి), చార్జ్ 1సీ (సుమారు గంటలో నిండే వేగం), 8.40 వోల్టులు దాటలేదు. ఇంటికొచ్చాక సెల్‌కు 3.8 వోల్టుల స్టోరేజీకి దించి పెట్టాం. డిఫ్ మళ్లీ చూశాం. మాస్టారు అన్నట్టే కాస్త వదులైంది, బిగించాం.

మాస్టారూ, మీ 2.0 హెక్స్ డ్రైవర్ మా పెట్టెలోనే ఉండిపోయింది. వచ్చే శనివారం తెస్తాం.