బిల్లులో రాయి పేరు రాయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. రెండేళ్ల కిందట మా అమ్మాయి పెళ్లికి విజయనగరంలో ఏడు రాళ్ల దుద్దులు కొన్నాం. షాపాయన పెన్నులాంటి టెస్టర్‌ని ఒక్కో రాయికి ఆనించాడు. లైటు వెలిగింది, కుయ్‌మని మోగింది. "అసలు వజ్రాలేనమ్మా" అన్నాడు. నమ్మాం. మొన్న మార్చుకుందామని విశాఖపట్నం తీసుకెళ్తే అవి వజ్రంలాగే కనిపించే మొయిసనైట్ అనే వేరే రాళ్లన్నారు. ఇంటికొచ్చి బిల్లు చూస్తే బంగారం బరువు, తరుగు, మజూరీ అన్నీ ఉన్నాయి. రాళ్ల దగ్గర "స్టోన్స్" అని ఒక్క మాటే ఉంది.

ఆ పెన్ను చూసేది రాయి వేడిని ఎంత తొందరగా లాగేస్తుందో. అమెరికన్ డైమండ్ అనే జిర్కోనియా అక్కడ దొరికిపోతుంది. మొయిసనైట్ మాత్రం వేడిని దాదాపు వజ్రంలాగే లాగుతుంది కాబట్టి దానికీ మోగుతుంది. రాయిలో కరెంటు పారుతుందా అని కూడా పరీక్షించే మెషిన్ ఉంటే చాలావరకు తెలిసిపోతుంది. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో రాయిని కాస్త పక్కకు వంచి చూసినా చాలు, మొయిసనైట్‌లో అడుగు పలకల అంచులు రెండేసి గీతలుగా కనిపిస్తాయి. వజ్రంలో అలా కనిపించవు. ఈ ముక్క నాకు ఆ రోజు తెలిసుంటే! అయితే మన వైపు దుద్దులకు చాలామంది వెనక మూసేసి రాయి కట్టించుకుంటారు, అప్పుడు అద్దంతో చూడటమూ కష్టమే. నోటి ఆవిరి ఊదడం, నీళ్లలో వేయడం లాంటి ఇంటి చిట్కాలు మొయిసనైట్ దగ్గర పనికిరావు.

హాల్‌మార్క్ ఉంది కదా అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన, అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ బంగారం స్వచ్ఛతకే గాని రాయికి కాదు. ల్యాబ్‌లో పెంచిన వజ్రం సంగతి వేరు. అది నిజంగా వజ్రమే, కానీ ధర చాలా తక్కువ. ఆ మాట కొనేవాళ్లకు ముందే చెప్పి తీరాలి.

మొయిసనైట్ చెడ్డ రాయి కాదు. ఆ పేరు చెప్పి, ఆ ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అధికారులను నేను కోరేది రెండే. ప్రతి బిల్లులో రాయి పేరు, సహజమా ల్యాబ్‌దా, ఎన్ని క్యారెట్లు అన్నది విడిగా రాయించాలి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఒక్కోచోటైనా తక్కువ ఫీజుకు రాళ్లు పరీక్షించే ఏర్పాటు చేయాలి. మా దుద్దుల గురించి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం, మా తిప్పలు మేం పడతాం. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి పల్లెల నుంచి వచ్చి నగలు కొనుక్కునేవాళ్లు ఎందరో ఉంటారు. ఈలోపే షాపుల్లో బిల్లులు తనిఖీ చేయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయనగరం