వేలిముద్ర దగ్గరే ఆగిపోతున్న ఫీజు రీయింబర్స్‌మెంట్

సంపాదకులకు నమస్కారం.

ఇంజనీరింగ్ సీట్ల కోసం ఎప్‌సెట్, డిగ్రీ సీట్ల కోసం దోస్త్ కౌన్సెలింగ్‌లు మొదలవగానే ఏ కాలేజీ మంచిది, ఏ బ్రాంచికి గిరాకీ ఉంది అని అన్ని పత్రికలూ పేజీలకు పేజీలు రాస్తాయి. ఫీజు సంగతి వచ్చేసరికి చాలా ఇళ్లలో 'రీయింబర్స్‌మెంట్ ఉందిలే' అన్న ఒక్క మాటతో చర్చ ముగిసిపోతుంది. ఆ మాట వెనక ఎన్ని షరతులున్నాయో, దరఖాస్తు ఏ మెట్టు మీద ఆగుతుందో తెలియక అర్హత ఉన్న పిల్లలు కూడా నష్టపోతున్నారు. నిధుల బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్ దాకా వెళ్లిన విషయం అందరికీ తెలుసు. మేం రాస్తున్నది అంతకంటే ముందు మెట్టు గురించి. ప్రభుత్వం డబ్బు విడుదల చేసిన రోజున కూడా జాబితాలో పేరు లేని పిల్లల గురించి.

మొదట, వచ్చేది ఏమిటో తెలియాలి. తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈ-పాస్‌లో రెండు రకాల సాయం ఉంది. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, అది సాధారణంగా కాలేజీకి చేరుతుంది. ఎంటీఎఫ్ అంటే చదువుకునే రోజుల్లో ఖర్చులకిచ్చే మొత్తం, అది విద్యార్థి ఖాతాలో పడుతుంది. 'నా ఖాతాలో రెండు మూడు వేలే పడ్డాయి, ఫీజు రాలేదు' అని కంగారుపడేవాళ్లు ఈ తేడా తెలియనివాళ్లే. ఆర్‌టీఎఫ్ కిందకు వచ్చేది ట్యూషన్ ఫీజు ఒక్కటే. బస్సు, ప్రైవేటు హాస్టల్, పుస్తకాల ఖర్చు ఇంటి మీదే పడుతుంది.

ఇంజనీరింగ్‌లో ఇంకో మెలిక ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో పని లేకుండా పూర్తి ట్యూషన్ ఫీజు వస్తుంది. బీసీలకు, ఈబీసీలకు (ఆర్థికంగా వెనుకబడిన ఓసీలకు) ర్యాంకు 10 వేల లోపు ఉంటేనే పూర్తి ఫీజు, దాటితే ఏడాదికి 35 వేలే. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే సీట్లలో, లక్ష రూపాయల ఫీజున్న కాలేజీలో 15 వేల ర్యాంకుతో చేరిన బీసీ విద్యార్థి ఏటా 65 వేలు సొంతంగా కట్టాలి. నాలుగేళ్లకు అది 2 లక్షల 60 వేలు. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున ఈ లెక్క కాగితం మీద వేసుకోని కుటుంబాలు రెండో ఏడాది అప్పుల్లో పడుతున్నాయి. ప్రభుత్వ బడుల్లో, గురుకులాల్లో చదివి వచ్చినవారికి ఈ హద్దు నుంచి మినహాయింపు ఉంది. కానీ దాన్ని రుజువు చేసే స్టడీ సర్టిఫికెట్లు సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లోనే చూపించాలి. కాలేజీల ఫీజులు ఎన్నోసార్లు పెరిగినా ఆ 35 వేలు మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాయి. ఇది సరిదిద్దాల్సిన అన్యాయమని మా అభిప్రాయం.

ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి 2 లక్షలు. బీసీ, ఈబీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఓసీ కుటుంబాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఫీజు కూడా వస్తుందనుకుంటారు. ఈడబ్ల్యూఎస్‌లోని 8 లక్షల పరిమితి సీటు రిజర్వేషన్‌కు సంబంధించినది. ఫీజుకు చూసేది ఈబీసీ పరిమితి, దానికి విడిగా మీసేవ ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదైతే ఏ గొడవా ఉండదు. నిరుటిది పట్టుకుని సర్టిఫికెట్ వెరిఫికేషన్ స్లాట్‌కు వెళితే, అది చెల్లదన్న సంగతి అక్కడ బల్ల ముందు నిలబడ్డాక తెలుస్తుంది. ఆ రోజుకు పత్రం లేకపోతే అలాట్‌మెంట్ ఆర్డర్‌లో పూర్తి ఫీజు కట్టాలని వస్తుంది. తర్వాత దాన్ని మార్పించుకోవడానికి పడే తిప్పలు చెప్పనలవి కావు. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్లు, దూరవిద్య కోర్సులకు ఈ పథకం వర్తించదు. ఈ సంగతి సీటు అమ్మేవాళ్లు చెప్పరు.

ఇక దరఖాస్తు. ఈ-పాస్ పోర్టల్ మొదట అడిగేది పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన ఏడాది, పుట్టిన తేదీ. ఆ వివరాలతో పేరు దానంతట అదే వస్తుంది. తర్వాత ఆధార్ నంబరు ఇస్తే రెండు పేర్లూ పోలుస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరంగా చివర ఉంటే అక్కడే ఆగిపోతుంది. మార్చాల్సింది ఆధార్‌లోని పేరు. ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం అన్నిటికీ మూలం పదో తరగతి మెమోయే కాబట్టి దాని జోలికి పోవద్దు. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే మెమోలోని ప్రతి అక్షరం పక్కన పెట్టుకుని సరిచూశాకే ఆధార్ కేంద్రంలో సరేననాలి. తొందరలో తప్పు స్పెల్లింగ్‌కు ఒప్పుకుని ఒక అవకాశం వృథా చేసుకున్నవారు చాలామంది ఉన్నారు.

పేరు కుదిరాక వేలిముద్ర. ఎక్కువ దరఖాస్తులు నిలిచిపోయేది ఈ మెట్టు మీదే. ఆన్‌లైన్‌లో ఫారం నింపి ప్రింటు తీసుకోగానే పని అయిపోయిందనుకుంటారు. విద్యార్థి స్వయంగా బయోమెట్రిక్ ఇచ్చేదాకా ఆ దరఖాస్తు కాలేజీ లాగిన్‌లో ముందుకు కదలదు. వేలిముద్ర ఎందుకు పడదు? చాలా సందర్భాల్లో యంత్రం తప్పేమీ ఉండదు. ఐదేళ్ల వయసులో ఇచ్చిన ముద్రలే ఆధార్‌లో ఉండిపోవడం అసలు కారణం. 15 ఏళ్లు నిండాక బయోమెట్రిక్ తప్పనిసరిగా మళ్లీ ఇవ్వాలి. 15 నుంచి 17 ఏళ్ల లోపైతే అది ఉచితం కూడా. సరిగ్గా ఇంటర్ చదివే వయసు అది. ఆ రెండేళ్లలో ఎవరూ గుర్తు చేయరు. డిగ్రీలో చేరాక ఒకటికి నాలుగుసార్లు మీసేవకు తిరిగి, 'ముద్ర పడట్లేదు' అని వదిలేస్తారు. పత్తి ఏరే, ఇటుక బట్టీల్లో పనిచేసే పిల్లలకు వేళ్లు అరిగి కూడా ఈ ఇబ్బంది వస్తుంది. అలాంటివారు ఆధార్ అప్‌డేట్‌లో పది వేళ్లూ, కనుపాపలూ కొత్తగా ఇచ్చి, అప్‌డేట్ పూర్తయినట్టు సమాచారం వచ్చాక మళ్లీ ప్రయత్నించాలి. ఒక వేలు పడకపోతే ఇంకో వేలు పెట్టి చూడమని అడగాలి. ఇంత చిన్న విషయం కూడా అడగడానికి మొహమాటపడే పిల్లలున్నారు.

మూడో చిక్కు బ్యాంకు ఖాతా. 'ఖాతాకు ఆధార్ లింక్ అయింది' అని బ్యాంకు చెబితే సరిపోదు. కేవైసీ కోసం ఆధార్ నంబరు ఎక్కించుకోవడం వేరు, ప్రభుత్వ డబ్బు పడటానికి జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐలో ఆ ఖాతాను ఆధార్‌కు జోడించడం వేరు. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు దరఖాస్తులో రాసిన ఖాతాకే వెళ్లాలని లేదు, ఎన్‌పీసీఐలో చివరిసారి ఏ బ్యాంకు జోడించి ఉంటే అక్కడికి వెళుతుంది. కొత్తగా ఇంకో ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో చూడకుండా ఒక గడిలో టిక్కు పెడితే చాలు, దారి అటు మళ్లుతుంది. డబ్బు పోదు గానీ, తాము మరిచిపోయిన ఖాతాలో పడి ఉంటుంది. మై ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకు ఉందో, అది యాక్టివ్‌గా ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ పథకంలో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఆ కేంద్ర వాటాను విద్యార్థి ఖాతాకే నేరుగా వేయాలన్నది పథకం నియమం కాబట్టి వారికి ఈ జోడింపు మరీ ముఖ్యం.

ఖాతా సంగతిలో మరో రెండు మాటలు. మైనరుగా ఉన్నప్పుడు తెరిచిన ఖాతాను 18 నిండాక కొత్త సంతకం, కేవైసీ ఇచ్చి మార్పించుకోవాలి, లేకపోతే లావాదేవీలు నిలిపేస్తారు. రెండేళ్లు ఏ లావాదేవీ లేని ఖాతా నిద్రాణంలోకి వెళుతుంది. దరఖాస్తుకు ముందు వంద రూపాయలు వేసి, యాభై తీస్తే ఖాతా బతికుందో లేదో తెలిసిపోతుంది.

ప్రింటు, జతచేసిన పత్రాలు కాలేజీలో ఇచ్చాక రసీదు అడగాలి. కాలేజీ ఆన్‌లైన్‌లో ఫార్వర్డ్ చేస్తేనే సంక్షేమ శాఖ అధికారి పరిశీలనకు వెళుతుంది. తర్వాత మంజూరు, ఆ పైన ట్రెజరీ. మంజూరైనట్టు కనిపించినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు, బిల్లుకు ట్రెజరీలో టోకెన్ నంబరు పడి నిధుల కోసం ఎదురుచూస్తుండవచ్చు. అందుకే స్టేటస్ పేజీలో ఆఖరి గీత ఏదో చదవాలి. బయోమెట్రిక్ దగ్గరుంటే పని విద్యార్థిది, ఫార్వర్డ్ దగ్గరుంటే కాలేజీది, టోకెన్ దగ్గరుంటే ప్రభుత్వానిది. ఎవరిని అడగాలో తెలిస్తే సగం తిరుగుడు తగ్గుతుంది. తర్వాతి విడత కౌన్సెలింగ్‌లో కాలేజీ మారినవారు పాత కాలేజీలో పెట్టిన దరఖాస్తును ముందు రద్దు చేయించుకోవాలి. అదే హాల్‌టికెట్ నంబరుతో రెండోది ఎక్కదు. రెన్యువల్ ప్రతి ఏటా చేసుకోవాలి, హాజరు 75 శాతం ఉండాలి. డిటెయిన్ అయి, అంటే పై తరగతికి పంపకుండా ఆపేస్తే, అదే సంవత్సరం మళ్లీ చదివితే ఆ ఏడాదికి ఫీజు రాదు.

ఆంధ్రప్రదేశ్‌లో స్కాలర్‌షిప్‌ల జ్ఞానభూమి పోర్టల్‌లోనూ పేర్లు, ఖాతాల చిక్కులు ఇలాంటివే. ఆదాయ పరిమితి మాత్రం రెండున్నర లక్షలు. అక్కడ ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే ఏ కుటుంబంలో ఎవరున్నారో సచివాలయం నమోదు చేసే రికార్డు. విడిగా కాపురం ఉంటున్న పెద్దకొడుకు ఆదాయ పన్ను కట్టినా, సచివాలయం రికార్డులో అదే కుటుంబంలో ఉంటే చెల్లెలి దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. మ్యాపింగ్ సరిచేయించుకోవడం దరఖాస్తుకు ముందే జరగాలి.

ఆదాయం 2 లక్షలు దాటి 4.5 లక్షల లోపున్న ఇళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. రాష్ట్రం ఫీజు ఇవ్వదు, బయట కట్టే స్తోమత ఉండదు. వీరు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ చూడాలి. ఇంటర్‌లో తమ బోర్డు విద్యార్థుల్లో పై 20 శాతంలో ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది. డిగ్రీ మూడేళ్లూ ఏటా 12 వేలు, పీజీలో 20 వేలు, ఇంజనీరింగ్ లాంటి కోర్సుల్లో నాలుగో ఏడు నుంచి 20 వేలు. దేశం మొత్తం మీద ఏటా కొత్తగా ఇచ్చేవి 82 వేలు, అందులో సగం అమ్మాయిలకు. ఒక్క షరతు గట్టిగా గుర్తుంచుకోవాలి: ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో సహా వేరే ఏ స్కాలర్‌షిప్ తీసుకుంటున్నా ఇది రాదు. 12 వేలకు ఆశపడి 35 వేలు పోగొట్టుకోవద్దు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అనుమతి ఉన్న కాలేజీలో ఇంజనీరింగ్ లేదా డిప్లొమాలో చేరిన అమ్మాయిలకు ప్రగతి స్కాలర్‌షిప్ ఏటా 50 వేలు. ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల వరకు ఇస్తారు. నేషనల్ పోర్టల్‌లో దరఖాస్తు 'డిఫెక్టివ్' అని వెనక్కి వస్తే అది తిరస్కరణ అనుకుని వదిలేయకండి. లోపం దిద్ది గడువులోగా మళ్లీ పంపే వీలుంది.

ఇవన్నీ చాలనప్పుడు విద్యా రుణం. 4 లక్షల వరకు తాకట్టు గానీ మార్జిన్ (మన వాటాగా పెట్టాల్సిన సొమ్ము) గానీ అక్కర్లేదు. ఆదాయం 4.5 లక్షల లోపుంటే, విద్యా ప్రమాణాలను పరిశీలించే నాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న చోట వృత్తి, సాంకేతిక కోర్సులకు, చదివే కాలానికీ ఆ పైన ఏడాదికీ వడ్డీని కేంద్రం భరిస్తుంది. రుణం తీసుకునేటప్పుడే ఆదాయ పత్రం ఇచ్చి, వడ్డీ రాయితీకి తమ పేరు ఎక్కించారా అని బ్యాంకులో అడగాలి. ఆ ఒక్క ప్రశ్న అడగక నాలుగేళ్ల వడ్డీ నెత్తిన పడ్డ కుటుంబాలు ఉన్నాయి.

బకాయిలు రాలేదని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపే కాలేజీల విషయంలో ఒక మాట. ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులోనే స్పష్టం చేసింది. విద్యార్థి అడిగేది నోటితో కాకుండా రాతపూర్వకంగా, తేదీ వేసి అడగాలి. ఆ కాగితం నకలు ఉంటేనే విశ్వవిద్యాలయానికి గానీ ఉన్నత విద్యామండలికి గానీ ఫిర్యాదు చేయడానికి ఆధారం దొరుకుతుంది.

ప్రభుత్వాన్ని కోరేది రెండే. జూనియర్ కాలేజీలు తెరవగానే జూన్, జులై నెలల్లో ప్రతి కాలేజీకి ఆధార్ కిట్ పంపి రెండో సంవత్సరం పిల్లలందరికీ బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి. ఈ-పాస్ దరఖాస్తు ఒక మెట్టు మీద పదిహేను రోజులు కదలకపోతే ఎక్కడ ఆగిందో, ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలుగులో సంక్షిప్త సందేశం విద్యార్థి ఫోన్‌కు పంపాలి. మీ పత్రికను కోరేది ఒకటి. ఎప్‌సెట్ ఫలితాల రోజున టాప్ ర్యాంకర్ల ఫొటోల పక్కన ఆదాయ పత్రం, ఆధార్ పేరు, బ్యాంక్ సీడింగ్ ఈ మూడూ సరిచూసుకోమని నాలుగు పంక్తుల బాక్స్ వేయండి.

ఇట్లు,
డిగ్రీ కాలేజీ స్కాలర్‌షిప్ విభాగం సిబ్బంది,
హనుమకొండ